నర్సింగ్‌లో ఏ దారి ఎవరికి: పల్లె దవాఖాన నుంచి పట్నం ఐసీయూ దాకా

ఇంటర్ ఫలితాలు వచ్చాక నల్లగొండ, పాలమూరు ఇళ్లలో నర్సింగ్ మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఒకటే: ఏఎన్‌ఎం చేయించాలా, జీఎన్‌ఎమ్మా, బీఎస్సీనా? దీనికి జవాబు వెతికే ముందు ఇంకో సంగతి తేల్చుకుంటే సగం చిక్కు విడిపోతుంది. చదువయ్యాక ఎట్లాంటి దవాఖానలో పనిచేయాలని ఉంది? రాత్రి రెండు గంటలకు రోగి పరిస్థితి చేయి దాటుతుంటే అక్కడ పక్కన ఎవరుంటారు? చందంపేట తండాలకు దగ్గర్లోని పల్లె దవాఖానలో నర్సు చేసే పని వేరు, పట్నంలో కార్పొరేట్ ఐసీయూ నర్సు చేసే పని వేరు. ఒకచోట రాణించే స్వభావం రెండోచోట ఇమడకపోవచ్చు. అందుకే ఇక్కడ కోర్సుల సంగతి తొందరగా ముగించి, పనిచేసే చోట్ల గురించి ఎక్కువ చెబుతున్నాం.

మూడు కోర్సులు

ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్లు. ఇంటర్ ఏ గ్రూపు చదివినా చేరవచ్చు. చదువంతా తల్లీబిడ్డల ఆరోగ్యం, టీకాలు, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి చేసే పని చుట్టూ ఉంటుంది. సర్కారులో దీనికి తగ్గ కొలువు ఎంపీహెచ్‌ఏ ఫిమేల్ (మహిళా ఆరోగ్య సహాయకురాలు). నర్సింగ్ ఆఫీసర్ (స్టాఫ్ నర్సు) పోస్టుకు ఏఎన్‌ఎం సరిపోదు. ఏఎన్‌ఎంగా రిజిస్టరైనవాళ్లు తర్వాత జీఎన్‌ఎంలో చేరవచ్చు గానీ, అప్పటికి మొత్తం ఐదేళ్లు అవుతాయి. నేరుగా బీఎస్సీ చేస్తే నాలుగే. కాబట్టి మార్కులున్న పిల్లను "ముందు ఏఎన్‌ఎం చేయనీ, తర్వాత చూద్దాం" అని చేర్పించకండి. ఊళ్లోనే ఉండి ఊరి జనంతో పనిచేయాలన్న కోరిక గట్టిగా ఉన్నవాళ్లకు మాత్రం అది మంచి దారి.

జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్లు. ఇంటర్‌లో సైన్స్ లేకున్నా 40 శాతం మార్కులుంటే అర్హత ఉంటుంది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. దీనికి బైపీసీ తప్పనిసరి, సైన్స్ సబ్జెక్టుల్లో 45 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు కొంత సడలింపు ఉంది. తెలంగాణలో కన్వీనర్ కోటా సీట్లను ఎప్‌సెట్ ర్యాంకు మీద, వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ భర్తీ చేస్తుంది. నీట్ మీదే మనసు పెట్టుకుని ఎప్‌సెట్‌కు ఫీజు కట్టడం మరిచిపోయే పిల్లలు చాలామంది. బైపీసీ పిల్లలున్న ఇంట్లో ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోవాలి.

ఇక చాలామందికి తెలియని విషయం. రాష్ట్ర సర్కారు నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకు జీఎన్‌ఎం, బీఎస్సీ రెండూ అర్హతే. పరీక్ష ఒకటే, జీతం స్కేలూ ఒకటే: 36,750 నుంచి 1,06,990. కాబట్టి సర్కారు కొలువు ఒక్కటే లక్ష్యమైతే, అప్పు చేసి మేనేజ్‌మెంట్ కోటాలో బీఎస్సీ చేయించడం కన్నా తక్కువ ఖర్చుతో మంచి జీఎన్‌ఎం స్కూలు వెతకడమే తెలివి. మరి బీఎస్సీ వల్ల వచ్చేదేమిటి? ఎయిమ్స్ ఆస్పత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్లను ఎంపిక చేసే నార్సెట్ పరీక్ష చదువు అయిన వెంటనే రాయవచ్చు. జీఎన్‌ఎం వాళ్లు కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్లు పనిచేశాకే రాయాలి. బీబీనగర్ ఎయిమ్స్ మన పాత నల్లగొండ జిల్లాలోనే ఉంది, అక్కడ మూల వేతనమే 44,900 నుంచి మొదలవుతుంది. నార్సెట్‌లో 80 శాతం పోస్టులు మహిళలవి, 20 శాతం పురుషులవి, అబ్బాయిలు ఈ లెక్క చూసుకుని దిగాలి. ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెప్పాలన్నా, విదేశాలకు పోవాలన్నా బీఎస్సీ ఉంటే దారి సాఫీగా సాగుతుంది. జీఎన్‌ఎం చేసినవాళ్లకు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఎప్పుడూ ఉండనే ఉంది.

జోన్, వెయిటేజీ

నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు జోన్ల వారీగా నింపుతారు. మహబూబ్‌నగర్, నారాయణపేట, జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలది జోగులాంబ జోన్. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామలది యాదాద్రి జోన్. 95 శాతం పోస్టులు స్థానికులకే. స్థానికత తేలేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి. అమ్మానాన్నలు పుణెకో బొంబాయికో బెంగళూరుకో వలస పోయినప్పుడు వెంట వెళ్లి అక్కడి బడిలో నాలుగైదేళ్లు చదివిన పిల్లలు పాలమూరులో తక్కువేం లేరు. సొంత ఊరు ఇక్కడే ఉన్నా కాగితం మీద స్థానికత తారుమారయ్యే ప్రమాదం వాళ్లకే. బడివారీగా స్టడీ సర్టిఫికెట్లు నర్సింగ్‌లో చేరినప్పుడే తీసి పెట్టుకోవాలి. నోటిఫికేషన్ పడ్డాక మూతబడిన బడి రికార్డుల కోసం తిరగడం నరకం.

2050 పోస్టులతో 2024లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం రాత పరీక్షకు 80 మార్కులు, సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు. పూర్తయిన ప్రతి ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతంలో అయితే 2.5. అంటే మామూలు చోట ఐదేళ్లు చేస్తే వచ్చే 20 మార్కులు, గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లకే వస్తాయి. నల్లమలలో అమ్రాబాద్ వైపు కాంట్రాక్టు పోస్టు వస్తే దూరమని కాదనే ముందు ఈ లెక్క వేసుకోండి. ఏ పోస్టులో చేసిన సేవకు మార్కులిస్తారో నోటిఫికేషన్‌లో చదివాకే నమ్మాలి. ప్రైవేటు ఆస్పత్రిలో పదేళ్లు చేసినా ఇక్కడ సున్నాయే.

పల్లె దవాఖాన

మైదాన ప్రాంతంలో 5,000, గిరిజన ప్రాంతంలో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది లెక్క. వాటిల్లో పల్లె దవాఖానలుగా మారినవాటిలో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పేరుతో డాక్టరో, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సో ఉంటారు. పక్కన ఏఎన్‌ఎం, ఊళ్లో ఆశ కార్యకర్తలు. పీహెచ్‌సీ డాక్టరు ఫోన్‌లో, టెలీమెడిసిన్‌లో అందుబాటులో ఉంటారు గానీ మంచం పక్కన ఉండరు. 2022 నియామకాల్లో ఇక్కడ నర్సులకు నెలకు 29,900 ఇచ్చారు, అదీ కాంట్రాక్టు మీదే.

ఇక్కడ రోజువారీ పని బీపీ, షుగర్ చూడటం, 30 ఏళ్లు దాటినవాళ్లను స్క్రీనింగ్ చేయడం, మందులు ఆపేసినవాళ్ల ఇంటికి పోయి మళ్లీ మొదలుపెట్టించడం. చూడ్డానికి తేలికగా కనిపిస్తుంది. కష్టమంతా నిర్ణయంలో ఉంది. 32 వారాల గర్భిణి తలనొప్పి అంటూ వస్తుంది. బీపీ 160/110. మూత్రంలో స్ట్రిప్ ముంచితే అల్బుమిన్ మూడు ప్లస్. కళ్లు మసకలా అని అడిగితే రెండు రోజుల నుంచి అంటుంది. ఈ గర్భిణిని "రేపు పీహెచ్‌సీకి పో" అని పంపకూడదు. ఫిట్స్ రావడానికి గంటలు చాలు. డాక్టరుకు ఫోన్ చేసి, చెప్పినట్టు ఫిట్స్ రాకుండా ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు వేసి, 108 పిలిచి, పోయే దవాఖానకు ముందే కబురు చేసి, చేసిందంతా చీటీ మీద టైముతో రాసి పంపాలి. ఆ ఇరవై నిమిషాలు మీరు తడబడకుండా ఉండగలరనుకుంటే ఈ కొలువు మీది. పక్కన సీనియర్ ఉంటే తప్ప ధైర్యం రాదనుకుంటే చదువు అయిన వెంటనే ఇక్కడికి రాకండి. ఏడాది రెండేళ్లు లేబర్ రూమ్‌లోనో క్యాజువాలిటీలోనో చేసి రండి.

టీకాల రోజు ఏఎన్‌ఎంది పెత్తనం. అక్కడ జరిగే తప్పు చాలా చిన్నగా మొదలవుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను నేరుగా టీకాల క్యారియర్‌లో పెడితే పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా), టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) వంటివి గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ప్యాకు బయట పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే నాలుగింటినీ క్యారియర్‌లో సర్దాలి. మీజిల్స్ రుబెల్లా, బీసీజీ టీకాలను పొడిలో ద్రావకం కలిపిన నాలుగు గంటలకు పారేయాలి. పెంటా, టీడీ వయల్స్‌ను తెరిచిన తేదీ రాసి, నియమాల ప్రకారం భద్రపరిస్తే 28 రోజుల దాకా వాడవచ్చు. కొత్త ఎంఎల్‌హెచ్‌పీ ఎంత చదువుకున్నా, ఈ విషయంలో ఇరవై ఏళ్లు ఊళ్లు తిరిగిన ఏఎన్‌ఎం మాట వినడమే మంచిది. ఇద్దరి మధ్య పెద్దరికం గొడవ మొదలైన కేంద్రంలో నష్టపోయేది పసిపిల్లలు.

జిల్లా, బోధనాస్పత్రులు

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాల, నారాయణపేటల్లో 2024లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. దాంతో ఒకప్పుడు గాంధీకో ఉస్మానియాకో పంపిన కేసులు చాలావరకు ఇక్కడే ఉంటున్నాయి. నేర్చుకోవాలన్న ఆశ ఉన్న కొత్త నర్సుకు ఇంతకన్నా మంచి చోటు లేదన్నది మా గట్టి అభిప్రాయం. కారణం రోగుల సంఖ్య ఒక్కటే కాదు. పత్తి, వరి పండించే జిల్లాలు కాబట్టి పురుగుల మందు కేసులు, పాముకాట్లు ఇక్కడ ఎక్కువ కనిపిస్తాయి. వాటిలో ప్రాణం నిలబడటం చాలాసార్లు నర్సు కంటి మీద ఆధారపడి ఉంటుంది.

ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుల మందు తాగిన రోగికి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కుతూ ఉంటుంది. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా, చెమట ఆగిందా, నాడి 80 పైన ఉందా అని నర్సు మళ్లీ మళ్లీ చూస్తుంది. అసలు ప్రమాదం రోగి కోలుకున్నట్టు కనిపించాక వస్తుంది. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు నీరసించి, ఆ తర్వాత ఊపిరి ఆగుతుంది. అందుకే తెలిసిన నర్సు ప్రతి రౌండులో "తల దిండు మీద నుంచి లేపు" అంటుంది. నిన్న లేపిన మనిషి ఇవాళ లేపలేకపోతే డాక్టరును ఆ క్షణమే పిలవాలి. పాముకాటులో రక్తం గడ్డకడుతుందా అని చూసే 20 నిమిషాల పరీక్షకు శుభ్రమైన పొడి గాజు గొట్టమే వాడాలి. ప్లాస్టిక్ గొట్టం, సబ్బుతో కడిగిన గొట్టం తప్పు ఫలితం చూపిస్తాయి, అవసరం లేని విషవిరుగుడు ఎక్కించే పరిస్థితి వస్తుంది. ఇవి పుస్తకంలో ఒక లైను, వార్డులో ఒక ప్రాణం.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాస్పత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలి. చాలా వార్డుల్లో ఆ లెక్క దరిదాపుల్లో కూడా ఉండదు. రాత్రి డ్యూటీ సాధారణంగా 12 గంటలు. రికార్డులు, ఇండెంట్లు, బంధువుల కోపం అన్నీ నర్సు మీదకే వస్తాయి. ఇక్కడ నిలబడాలంటే ఏది ముందు, ఏది తర్వాత అని గంట గంటకూ తేల్చుకునే అలవాటు కావాలి.

దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట లాంటి ఏరియా ఆస్పత్రులు పల్లె దవాఖానకూ బోధనాస్పత్రికీ మధ్యలో ఉంటాయి. కాన్పులు, డయాలసిస్, క్యాజువాలిటీ ఉంటాయి, జట్టు చిన్నది కాబట్టి డాక్టర్లతో మాట చనువుగా సాగుతుంది. చంటిపిల్లలున్న నర్సులకు ఇది బాగా కుదురుతుంది.

ప్రైవేటు నర్సింగ్ హోమ్, పట్నం కార్పొరేట్

మిర్యాలగూడ, నల్లగొండ, మహబూబ్‌నగర్, కల్వకుర్తి టౌన్లలో 20, 30 పడకల నర్సింగ్ హోమ్‌లు కొత్తవాళ్లను ఇట్టే తీసుకుంటాయి. ఇంటికి దగ్గర, రోజూ బస్సులో పోయి రావచ్చు. చేరే ముందు ఒక్కటి అడగండి: రాత్రి షిఫ్టులో రిజిస్టర్డ్ నర్సులు ఎంతమంది? జవాబు "మీరొక్కరే, మిగతా పిల్లలకు మేమే నేర్పాం" అని వస్తే ఆలోచించండి. కేస్ షీటు మీద సంతకం మీది, తప్పు వాళ్లది అయినా జవాబుదారీ మీరే.

అట్లాంటి చోట జరిగే తప్పుకు ఇన్సులిన్ మంచి ఉదాహరణ. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్స్, 100 యూనిట్లవి రెండూ దొరుకుతాయి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. బంధువులు మెడికల్ షాపులో దొరికింది తెచ్చిస్తారు. 100 యూనిట్ల వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే అది అర మిల్లీలీటరు, అంటే రోగికి పడేది 50 యూనిట్లు. తెల్లారేసరికి షుగర్ పడిపోయి మనిషి స్పృహలో ఉండడు. వయల్ మీద అంకె, సిరంజి మూత రంగు ఇద్దరు చూసి గట్టిగా చదివాకే వేసే పద్ధతి ఉన్న చోట ఈ తప్పు జరగదు. ఇంటర్వ్యూలో "ఇన్సులిన్, పొటాషియం ఎవరు రెండోసారి చూస్తారు" అని అడిగితే ఆ ఆస్పత్రి ఎట్లాంటిదో రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

జీతం సంగతి. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ సిఫార్సు ఇది: 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రిలో సర్కారు నర్సుతో సమానం, 100 నుంచి 200 అయితే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 లోపు అయినా కనీసం 20,000. చాలా చోట్ల ఇది కాగితం మీదే ఉండిపోయింది. అయినా బేరమాడేటప్పుడు ఈ అంకెలు తెలిసి ఉండటం మంచిది.

పట్నం కార్పొరేట్‌లో మొదటి జీతం చూసి మురిసిపోకండి, హాస్టలు, తిండి పోను మిగిలేది లెక్కేయండి. అక్కడ దొరికే అసలు విలువ పద్ధతి. ఐసీయూలో వెంటిలేటర్, సిరంజి పంపులు, గంటగంటకూ మూత్రం కొలత, ప్రతి మందుకూ రెండో సంతకం. గల్ఫ్‌కు పోవాలనుకునేవాళ్లకు రెండేళ్ల అనుభవ పత్రం, డేటాఫ్లో పరిశీలన (సర్టిఫికెట్లు, అనుభవం అసలైనవేనా అని చూసే తనిఖీ) కావాలి కాబట్టి పెద్ద ఆస్పత్రి పేరు పనికొస్తుంది. జర్మనీకి బీ2 స్థాయి జర్మన్ భాష కావాలి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఆ శిక్షణ ఇస్తోంది. ఏజెంటుకు లక్షలు కట్టే ముందు అక్కడ అడగండి. ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించవద్దు. చూపించి, జిరాక్స్ ఇచ్చి, వెనక్కి తెచ్చుకోండి.

జట్టు బాగుందో లేదో ఎట్లా తెలుస్తుంది

షిఫ్టు మారే పది నిమిషాలు చూస్తే చాలు. మంచి వార్డులో అప్పగింత రోగి మంచం పక్కన జరుగుతుంది. డ్రిప్, క్యాథెటర్, డ్రెస్సింగ్ ఇద్దరూ కళ్లతో చూస్తారు. లేనిచోట కౌంటర్ దగ్గర నిలబడి "అందరూ స్టేబులే" అనుకుని వెళ్లిపోతారు.

డాక్టరుకు ఫోన్ చేసే తీరు ఇంకో గుర్తు. "సార్, నాలుగో బెడ్ పేషెంట్ బాలేదు" అంటే అవతల నిద్రలో ఉన్న డాక్టరుకు ఏమీ అందదు. ఎస్‌బార్ పద్ధతిలో నాలుగు ముక్కలు చెప్పాలి: ఇప్పుడేం జరిగింది, వెనకటి సంగతేంటి, నాకు ఏమనిపిస్తోంది, మీ నుంచి ఏం కావాలి. "సార్, నాలుగో బెడ్, నిన్న సిజేరియన్ అయిన తల్లి. గంటలో రెండు ప్యాడ్లు తడిశాయి, నాడి 124, బీపీ 90/60. గర్భసంచి మెత్తగా ఉంది, రక్తం పోతోందని నా అనుమానం. మసాజ్ చేస్తున్నాం, రెండో లైను పెట్టాం. మీరు ఇప్పుడే రావాలి." ఇట్లా చెప్పిన జూనియర్ నర్సును విసుక్కోకుండా లేచి వచ్చే డాక్టర్లున్న ఆస్పత్రి దొరికితే, జీతం రెండు వేలు తక్కువైనా వదులుకోకండి. మొదటి రెండేళ్లలో వచ్చిన ధైర్యమే మిగతా ఉద్యోగమంతా వెంట ఉంటుంది.

కాలేజీ చూడ్డానికి పోయినప్పుడు

బిల్డింగు, బస్సులు చూడకండి. మాతృ ఆస్పత్రి, అంటే కాలేజీకి అనుబంధంగా పిల్లలు పని నేర్చుకునే ఆస్పత్రి, ఏదని అడగండి. జీఎన్‌ఎంకైనా బీఎస్సీకైనా కనీసం 100 పడకల ఆస్పత్రి ఉండాలన్నది నిబంధన. చెప్పకుండా ఓ పనిదినం ఉదయం పదకొండుకు ఆ ఆస్పత్రికి పోయి వార్డులు తిరగండి. మంచాలు ఖాళీగా ఉంటే పిల్లలు చేతులు కట్టుకుని మూడేళ్లు గడుపుతారు. లేబర్ రూమ్ అనుభవం ఎక్కడ ఇప్పిస్తారు, విద్యార్థి సొంతంగా ఎన్ని కాన్పులు చేస్తుంది, సర్కారు దవాఖానలో పోస్టింగ్ ఎన్ని వారాలు అని మూడో సంవత్సరం పిల్లలను విడిగా అడగండి. వాళ్లు నిజం చెబుతారు. ఆ ఏడాది అనుమతి పత్రం, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు చూపించమనండి. గుర్తింపు లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకుండా ఏ నర్సింగ్ పోస్టుకూ దరఖాస్తు చేయలేరు. ఫీజు రసీదు మీద కాలేజీ పేరు, అనుమతి పత్రం మీద పేరు అక్షరం తేడా లేకుండా ఒకటేనా అన్నది కూడా అక్కడే సరిచూసుకోండి. ఒకే యాజమాన్యం కింద మూడు నాలుగు పేర్లతో నడిచే సంస్థల్లో పిల్లల అడ్మిషన్ ఒక పేరు మీద, గుర్తింపు ఇంకో పేరు మీద ఉంటే ఆ తేడా బయటపడేది చివరి ఏడాదిలోనే.